ఏడో చిరుత, తొమ్మిదో చిరుత

నమీబియా నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక నెలపాటు నేను సగం మనిషిగానే ఉంటాను. ఒళ్ళు అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో ఉంటుంది. అది కాఫీ కలుపుతుంది, చెత్తడబ్బాని రోడ్డు పక్కకి నెట్టుకెళ్తుంది, సిగ్నల్ దగ్గర ఆగుతుంది. మిగతా నేను ఎక్కడో పసుపుపచ్చ గడ్డిలో, ముళ్ళచెట్ల మధ్య, నీళ్ళు లేని వాగు వెంట తిరుగుతూ ఉంటాను. ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోతాను. వెనక ఎవరో "ఎక్స్‌క్యూజ్ మీ అండీ" అంటే తప్ప కదలను. మా ఆయన ఆ నెలని నా బఫరింగ్ టైమ్ అంటాడు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, ఏం చెప్పినా ఆ మాటల్లోనే చెబుతాడు.

నేను చిరుతల్ని లెక్కపెడతాను. అదే నా ఉద్యోగం. నేను పనిచేసే యూనివర్సిటీ ఇంటి నుంచి గంటన్నర డ్రైవ్. ఏడాదిలో మూడు నెలలు మాత్రం వాయువ్య నమీబియాలో ఒక ఎండిన వాగు పక్కన టెంట్ వేసుకుని ఉంటాను. తలో వంటకం తెచ్చుకునే మనవాళ్ళ పాట్‌లక్‌లలో ఈ మాట చెప్పగానే గిన్నెల్లో గరిటెలు ఆగిపోతాయి. తర్వాత ఎవరో ఒకరు, అంటే సఫారీనా అంటారు. ఒక ఆంటీ అయితే ప్లేట్లో పులిహోర వడ్డించుకుంటూ, లెక్కపెట్టడానికే అయితే అంత దూరం దేనికమ్మా, అట్లాంటాలో జూ లేదా అని అడిగింది. వెటకారానికి కాదు, నిజంగానే అడిగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉందండీ, అక్కడివి ఆల్రెడీ లెక్కపెట్టేశారు అన్నాను. ఆ తర్వాత ఆ ఇంటికి మమ్మల్ని పిలవడం తగ్గించారు.

చిరుతల్ని లెక్కపెట్టడమంటే ఎదురెళ్ళి చూడటం కాదు. అది మనల్ని చూస్తుంది, మనకి కనబడదు. అది నడిచే దారి పక్కన ఒక కొయ్య పాతి, దానికి కెమెరా కట్టి వచ్చేస్తాం. ఎదురుగా ఏది కదిలినా కెమెరా ఫొటో తీస్తుంది. నక్క వెళ్ళినా తీస్తుంది, గాలికి గడ్డి ఊగినా తీస్తుంది. చిరుత ఒంటి మీది మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకోదానికి కలవవు. చిక్కేమిటంటే, ఒకే చిరుతకి కుడిపక్క మచ్చలు వేరు, ఎడమపక్క మచ్చలు వేరు. అందుకని దారికి అటొకటి ఇటొకటి రెండు కెమెరాలు పెట్టాలి. ఒకటి చెడిపోతే, ఏదో ఒక పక్క ఫొటోలనే లెక్కలోకి తీసుకుని రెండో పక్కవి వదిలెయ్యాలి. లేకపోతే ఒక జంతువే రెండుగా లెక్కలోకి వస్తుంది. మా పనిలో అందరికీ మొట్టమొదట చెప్పే పాఠం ఇది. ఆ పాఠాన్నే నేను పక్కన పెట్టాను.

ఆ వాగుకి ఎగువన ఒక పశువుల రైతు ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఎంత ఎండలోనైనా కోటు వేసుకుంటాడు. తన మందలో ఒక్కొక్క ఆవునీ ఒంటి రంగుని బట్టి దూరం నుంచే గుర్తుపడతాడు. ఆవులు ఈనే కాలంలో చిరుత వచ్చి దూడల్ని ఎత్తుకుపోతూ ఉంటుంది. అలాంటప్పుడు రైతు అర్జీ పెడితే వన్యప్రాణి ఆఫీసు విచారించి, బోనులో పట్టి కాల్చడానికి అనుమతి ఇస్తుంది. మొదటి ఏడాది ఆయన ఇంటి ముందు పీట మీద కూర్చుని, పాలెక్కువ పోసిన టీ తాగుతూ నేను ఆయనతో చాలాసేపు వాదించాను. వాగు పక్కనున్న నీళ్ళగుంటకి వచ్చే ఆడచిరుత ఒక్కటే అయితే, దాన్ని కాల్చాక ఈ వాగులో ఇక పిల్లల్ని పెట్టేది ఉండదు, లెక్క తేలేదాకా ఆగమన్నాను. ఆయన తన ఆవులవైపు చూస్తూ అన్నాడు.

"ఒక్కటే అయితే ముట్టుకోను. రెండుంటే ఒకటి నాది. లెక్క మాత్రం నువ్వే చెప్పాలి, డాక్టర్."

అప్పటికి నాకింకా డాక్టరేట్ రాలేదు. ఆ సంగతి చెప్పాను కూడా. అయినా అలాగే పిలిచేవాడు. ఆ ఒక్క మాట మీద మూడేళ్ళు ఆగాడు. మూడేళ్ళూ ఆయన దూడలు పోతూనే ఉన్నాయి. నేను వెళ్ళినప్పుడల్లా టీ ఇచ్చేవాడు, లెక్క సంగతి అడిగేవాడు కాదు.

నీళ్ళగుంట దారిలో పెట్టిన రెండో కెమెరాని మొదటి నెలలోనే ఏనుగు పీకి తొక్కేసింది. ఇంకోటి పెట్టాను, దానికీ అదే గతి. ఏనుగుతో పంతమెందుకని ఊరుకున్నాను. అలా అక్కడ ఒక్క కెమెరానే మిగిలింది. ఆ ఒక్కదానిలోనే నాకు రెండు ఆడచిరుతలు దొరికాయి. పట్టికలో వాటికి ఏడు, తొమ్మిది అని నంబర్లు వేశాను. ఏడోది సన్నగా ఉండేది. పొట్ట వెన్నుకి అంటుకుపోయి, మెడ ముందుకి చాచి చకచకా నడిచేది. దాని కుడిపక్కే ఎప్పుడూ ఫొటోలో పడేది. తొమ్మిదోది నిండైన మనిషి. పొట్ట కాస్త వేలాడుతూ, తోక తేలిగ్గా ఊపుకుంటూ, ఎక్కడికీ తొందర లేనట్టు నడిచేది. దాని ఎడమపక్కే పడేది. నడకలు చూసి ఒకటి కుర్రది, ఒకటి పెద్దది అని తేల్చేశాను. తల్లీకూతుళ్ళేమో అని కూడా ఊహించుకున్నాను. అక్కడ ఒకే కెమెరా కదా, ఖాయమేనా అని మా ప్రొఫెసర్ ఒకసారి అడిగాడు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నా జంతువులు నాకు తెలుసు అని కాస్త గట్టిగానే అన్నాను. ఆయన మంచివాడు, మళ్ళీ అడగలేదు. కాస్త చెడ్డవాడై ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను.

తొమ్మిదోదంటే నాకు ప్రాణం. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆ దేశంలో అన్నిటికీ దాహమే. చెట్లకి దాహం, ఆవులకి దాహం, టెంట్లో బకెట్టు నీళ్ళతో నాలుగు రోజులు గడిపే నాకూ దాహమే. అది ఒక్కటే దేనికీ వెతుక్కోనట్టు నడిచేది. దాని ఫొటో నా ల్యాప్‌టాప్ మీద పెట్టుకున్నాను. ఇక్కడ హైవే మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కళ్ళముందు ఆ దారి కదిలేది. అటూ ఇటూ పైన్ చెట్లుండేవి, మధ్యలో కార్ల వరస ఉండేది, ఆ వరస పక్కన మట్టిదారి మీద తొమ్మిదోది తోక ఊపుకుంటూ పోయేది. మా కాలనీలో సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే, అందరి ఇళ్ళముందూ ఒకే కొలతలో కత్తిరించిన గడ్డి మీద దాని అడుగులు పడుతున్నట్టు ఉండేది. ఆ రాళ్ళదేశంలో అంత నిమ్మళమైన ప్రాణి ఒకటి ఉందనుకుంటే నాకూ కాస్త నిమ్మళంగా ఉండేది.

మూడో సీజన్ అయ్యాక, పోయిన నవంబరులో రిపోర్టు రాశాను. నీళ్ళగుంట దగ్గర ఆడచిరుతలు రెండు అని రాసి సంతకం పెట్టి పంపాను. ఆ రైతు మాట నిలబెట్టుకున్నాడు, నేనూ నిలబెట్టుకోవాలి కదా. ఆఫీసువాళ్ళు నా రిపోర్టు జతచేసి, ఆయనకి ఒక చిరుతని తీసెయ్యడానికి అనుమతి ఇచ్చారు. ఆ ఈమెయిల్ చదివిన రోజు నేను మనసులో ఏమనుకున్నానో దాచను. బోనులో పడితే ఏడోది పడాలి, తొమ్మిదోది కాదు అనుకున్నాను. పాపం, ఏడోది నాకేం అన్యాయం చేసింది? అయినా అలాగే అనుకున్నాను.

అప్పటికి మా అత్తగారు అల్ఫారెట్టా వచ్చి నెల దాటింది. ఆరు నెలలు ఉందామని వచ్చారు, వారానికే విసుగెత్తింది. ఆవిడ తెనాలిలో ముప్పై ఏళ్ళు మ్యాచింగ్ సెంటర్ నడిపిన మనిషి. చీర తీసుకొస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, ఫాల్సు, లోపలి పావడా తీసిచ్చే కొట్టు. పొద్దున్నించీ వందమందితో మాట్లాడిన ఆవిడకి, మనిషి కనబడని మా వీధి జైలులా అనిపించింది. చేతులు ఊరికే ఉండేవి కావు. నా మసాలా డబ్బాలన్నీ సర్దేశారు, తర్వాత నా బీరువా సర్దేశారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడని కాస్త కూర్చోబెట్టే పని ఏదైనా ఉంటే చాలనుకున్నాను. ఆ నీళ్ళగుంట కెమెరా మెమరీ కార్డు కాపీ ఒకటి పాత ల్యాప్‌టాప్‌లో వేసిచ్చి, ఈ బాణం గుర్తు నొక్కుతూ పోండి అత్తయ్యా, గడ్డి తప్ప ఏమీ లేని ఫొటోలు వస్తే ఈ బటన్ నొక్కండి అన్నాను. అవి వేల కొద్దీ ఉంటాయి. ఆరు నెలలకీ సరిపోతాయని నా లెక్క.

ఆవిడకి ఆ పని తెగ నచ్చింది. పొద్దున్నే స్నానం చేసి, కాఫీ గ్లాసు పట్టుకుని, పెరటివైపు అద్దాల గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. బయట పైన్ చెట్ల మీద పొగమంచు, పక్కింటివాళ్ళు రాలిన ఆకులు ఊదే లీఫ్ బ్లోయర్ మోత, తెర మీద నమీబియా ఎండ. నేను నా ల్యాప్‌టాప్‌తో ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. గంటల తరబడి ఇద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఎప్పుడన్నా, నక్కొచ్చిందమ్మాయ్ అనేవారు, లేదా, గాలి బాగా వీస్తన్నట్టుంది ఇయ్యాల అనేవారు, అది ఇప్పుడే జరుగుతున్నట్టు. పెళ్ళైన ఎనిమిదేళ్ళలో ఆవిడ దగ్గర నాకు అంత హాయిగా ఎప్పుడూ లేదు. ఒక్కోసారి ఆ గదిలోనే కునుకు పట్టేది. కళ్ళు తెరిస్తే ఆవిడ చీర కుచ్చిళ్ళూ, తెర మీద గడ్డీ ఒకటే రంగులో కనబడేవి.

డిసెంబరులో ఒక శనివారం పొద్దున, మా ఆయన క్రికెట్‌కి వెళ్ళాడు. ఎనిమిదిన్నర అయి ఉంటుంది. అత్తయ్య ల్యాప్‌టాప్ నావైపు తిప్పారు.

"అమ్మాయ్, ఒకటడుగుతా, కసురుకోకు. ఈ సన్నది ఎప్పుడు చూసినా నీళ్ళకి వెళ్తానే ఉంది. ఆ నిండుది ఎప్పుడు చూసినా తిరిగొస్తానే ఉంది. వెళ్ళేది తిరిగి రాదేం? వచ్చేది ఎప్పుడు వెళ్ళింది?"

కసురుకోకు అన్నా కసురుకున్నాను. వచ్చే దారి వేరే ఉంటుంది అత్తయ్యా, అడవిలో మన వన్‌వేలు ఉండవు, ఇదంతా సైన్సు అన్నాను. ఆవిడ బాణం గుర్తు నొక్కి చూపించారు. ఏడోది వెళ్ళింది. తర్వాత గడ్డి, గడ్డి, ఒక పక్షి, గడ్డి. తొమ్మిదోది వచ్చింది. ఫొటో అడుగున టైము చూశాను. మధ్యలో పావుగంట. ఇంకో రోజుది చూపించారు. ఏడోది వెళ్ళింది, కాసేపటికి తొమ్మిదోది వచ్చింది. ఇంకో రోజూ అంతే. ఏడోది రాని రోజు తొమ్మిదోదీ లేదు.

నేను ఎందుకు చూడలేదంటే, నేనెప్పుడూ వరసగా చూడలేదు. కార్డు రాగానే కుడిపక్క ఫొటోలు ఒక ఫోల్డర్‌లో, ఎడమపక్కవి ఒక ఫోల్డర్‌లో వేసుకుని, మచ్చలు పోల్చుకోవడమే నా పద్ధతి. మూడేళ్ళూ ఏడోదాన్ని దాని ఫోల్డర్‌లో, తొమ్మిదోదాన్ని దాని ఫోల్డర్‌లో చూశాను. ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడలేదు. గబగబా రెండింటి తోకలు పెద్దవి చేసి పక్కపక్కన పెట్టాను. తోక చివర నుంచి మూడో నల్లపట్టీ దగ్గర పైభాగాన నలుపు తెగిపోయి, ఆ తెగిన చోట చిన్న చుక్క ఉంది. ఏడోదానికీ ఉంది, తొమ్మిదోదానికీ ఉంది. తోక పైభాగం ఏ పక్క నుంచైనా కనబడుతుంది కదా. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని ఒక్కసారి చూశారు. ఒకే తానులో గుడ్డ అన్నారు.

ఏడోది దాహంతో వెళ్ళేది. కడుపునిండా నీళ్ళు తాగి, రెండో పక్క కెమెరాకి చూపిస్తూ తిరిగొచ్చేది. నేను దానికి ఇంకో నంబరు ఇచ్చాను, అంతే.

ఆ వాగులో ఉన్నది ఒకటే ఆడచిరుత, దాన్ని కాల్చమని రాసిచ్చింది నేను. రైతుకి ఫోన్ చేశాను. వాళ్ళ ఇంటి వెనక గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ అందదు. మోగలేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. బోను పెట్టకండి, అర్జెంటుగా మాట్లాడాలి అని మెసేజ్ పెట్టాను. అత్తయ్య నా మొహం చూసి లేచి కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు.

తొమ్మిదింటికి ఆయనే చేశాడు. అక్కడ సాయంత్రం నాలుగు. నీకే చేద్దామని గుట్ట ఎక్కాను డాక్టర్ అన్నాడు. పొద్దున్నే బోనులో పడిందట. ఆఫీసువాళ్ళకి కబురు పంపాడట, చీకటి పడేలోపు తుపాకీతో వస్తామన్నారట. ఫోన్‌లో ఆవుల మెడగంటలు వినబడుతున్నాయి. గాలి వినబడుతోంది. ఆయన గొంతులో సంతోషమేమీ లేదు.

"ఇంతకీ నీ పుస్తకంలో ఇది ఏడోదా, తొమ్మిదోదా?"

"రెండూ అదే," అన్నాను. "తొమ్మిదోది లేదు. ఉన్నది ఒక్కటే. నేను తప్పు లెక్కపెట్టాను."

మూడేళ్ళు నేను ఎదురుచూశాను అన్నాడాయన, ఎవరితోనో కాదు, తనతో తను అనుకున్నట్టు. నేను క్షమించమన్నాను. నోటిమాట మీద తను బోను తియ్యలేనన్నాడు. ఆఫీసువాళ్ళ చేతిలో ఉన్న కాగితం మీద నా సంతకం ఉంది, అదే సంతకంతో ఇంకో కాగితం వాళ్ళకీ తనకీ రావాలి. అది వస్తే తను అడ్డం నిలబడతానన్నాడు. రాకపోతే వాళ్ళు వచ్చిన పని చేసుకుపోతారు.

గుట్ట మీదే కూర్చుంటానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

రాయడానికి కూర్చున్నాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రిపోర్టు ఒక రిపోర్టే కాదు. నా రీసెర్చ్ పేపర్ దాని మీద ఉంది, నా పోస్ట్‌డాక్ ఉద్యోగం రెన్యూవల్ దాని మీద ఉంది, గ్రీన్ కార్డ్ పిటిషన్‌లో లాయర్ పొగిడి రాసిన పేరాలన్నీ దాని మీదే ఉన్నాయి. చేతులు వాటంతట అవే రాసుకుపోయాయి. ఏనుగుల వల్ల ఒక కెమెరా పాడైన కారణంగా, ఒకే వైపు నుంచి లభించిన సమాచారం పరిమితమైనందున, మరోసారి పరిశీలించగా కొంత సందిగ్ధత కనబడుతున్నది అని రాశాను. పేజీ నిండింది. ఒక్క చోట కూడా నేను అనే మాట లేదు.

ఏం రాశావో తెలుగులో చెప్పమన్నారు అత్తయ్య. విసుగ్గానే చెప్పాను. ఆవిడ విన్నారు.

"కొట్లో తప్పు జతిచ్చినప్పుడు, ట్యూబులైటు సరిగ్గా లేదమ్మా అని నేనెప్పుడూ అనలా. నా కన్ను తప్పింది, మార్చిస్తా అన్నా. లైటు మీద పెడితే కొన్నామె ఏం చెయ్యాలి, లైటుతో మాట్లాడాలా?"

నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఆవిడ మీద వచ్చిందో, ఏనుగు మీద వచ్చిందో, నా మీద వచ్చిందో ఏం తెలుసు. కానీ ఆ ఆఫీసులో ఎవరో ఆ పేజీ చదువుతూ కళ్ళముందు కనబడ్డారు. సందిగ్ధత అనే మాట దగ్గర ఆగి, చివరికి కాల్చాలా వద్దా అని పక్కవాళ్ళని అడుగుతూ కనబడ్డారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేనైనా కాల్చేదాన్నే. మొత్తం చెరిపేశాను. నీళ్ళగుంట దగ్గర ఉన్నది ఒక్కటే ఆడచిరుత, నేను దాని రెండు పక్కల్ని రెండు చిరుతలుగా లెక్కపెట్టాను, తప్పు నాది, దయచేసి దాన్ని కాల్చకండి అని రాశాను. ప్రింట్ తీసి సంతకం పెట్టి, ఫొటో తీసి, ఆఫీసుకీ రైతుకీ మా ప్రొఫెసర్‌కీ ఒకేసారి పంపాను. పంపు అనే బటన్ మీద వేలు పెట్టినప్పుడు అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని ఉన్నారు. ఎప్పుడు పట్టుకున్నారో నాకు తెలియలేదు.

తర్వాత ఇద్దరం ఊరికే కూర్చున్నాం. బయట వాన మొదలైంది. జార్జియా డిసెంబరు వాన, చప్పుడు లేకుండా అద్దాల మీద జారిపోయే వాన. ఆవిడ ఉప్మా చేస్తానని లేచి, రవ్వ డబ్బా మూత తీసి, మళ్ళీ మూత పెట్టి వచ్చి కూర్చున్నారు. ఫోన్ మా ఇద్దరి మధ్యా స్టూలు మీద ఉంది. నాకు ఆ గది కనబడటం లేదు. ఇనప చువ్వలు కనబడుతున్నాయి, ఎండకి కాలిన ఇనుము వాసన వస్తోంది. ఒక పక్క నుంచి చూస్తే లోపల ఏడోది ఉంది, ఇంకో పక్కకి వెళ్ళి చూస్తే తొమ్మిదోది ఉంది. నేను బోను చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

పదకొండు దాటాక మెసేజ్ వచ్చింది. ఆఫీసువాళ్ళు వచ్చారు, కాగితం చూపించాను, తలుపు తీశాం, అది బయటికి రావడం లేదు అని ఉంది.

చదివి చెప్పాను. ఎందుకు రాదు అన్నారు అత్తయ్య. భయం అన్నాను. ఆవిడ తలూపారు. దెబ్బేమన్నా తగిలిందేమో అడగమన్నారు. అడిగాను, జవాబు లేదు. పొద్దున్నించీ ఎండలో ఉంది, నీళ్ళు పెట్టారో లేదో. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, ఏదో స్తోత్రం చదువుకుంటున్నట్టున్నారు. నాకు ఏ స్తోత్రమూ రాదు. పో తల్లీ, పో, లే, పో అని మాత్రం అనుకుంటూ కూర్చున్నాను, పైకే అన్నానేమో కూడా.

ముప్పావుగంట గడిచింది. ఫోన్ మెరిసింది. వెళ్ళింది, నీళ్ళవైపే వెళ్ళింది అని ఉంది. దాని కింద ఇంకో వాక్యం ఉంది. వచ్చే ఏడాది నువ్వు వచ్చినప్పుడు దూడల సంగతి మాట్లాడాలి, డాక్టర్.

అత్తయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు, తెర మీద గడ్డికే పెట్టారు. అప్పుడు లేచి ఉప్మా చేశారు. ఆకలి ఎంత ఉందో తినేటప్పుడు తెలిసింది.

ప్రొఫెసర్ రాసిన జవాబు సాయంత్రం వచ్చింది. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాడు. సోమవారం నుంచి అన్ని కెమెరాల లెక్కలూ మళ్ళీ మొదటి నుంచి చూడాలన్నాడు. పేపర్ వెనక్కి తీసుకోవాల్సి రావచ్చన్నాడు. లాయర్‌కి ఎలా చెప్పాలో మా ఆయన అప్పటికే ఒక ఈమెయిల్ డ్రాఫ్ట్ చేసి పెట్టాడు. అవన్నీ తర్వాత జరిగాయి. కొన్ని బాగా జరిగాయి, కొన్ని ఇంకా జరుగుతున్నాయి. వాటిని తట్టుకోవచ్చు.

తట్టుకోలేనిది పట్టిక తెరిచినప్పుడు వచ్చింది. తొమ్మిదో వరస తీసెయ్యాలి. మొదట కనబడిన చోటు, నడిచే తీరు, వయసు అంచనా, తల్లి కావచ్చు అని నేను రాసుకున్న మాట. వరస మొత్తం నీలంగా చేసి డిలీట్ నొక్కాను. ఎనిమిది తర్వాత పది వచ్చి కూర్చుంది. అంతే, బావురుమన్నాను.

అత్తయ్య కంగారుగా వచ్చారు. బతికిందిగా అమ్మాయ్, ఇంకెందుకు ఏడుస్తావు అన్నారు.

"తొమ్మిదోది పోయింది అత్తయ్యా," అన్నాను.

ఆవిడ నవ్వుతారనుకున్నాను. లేనిది ఎలా పోతుందే పిచ్చిదానా అంటారనుకున్నాను. ఆవిడ కుర్చీ జరుపుకుని కూర్చుని, ఏదీ, దాని ఫొటోలు మళ్ళీ ఒకసారి పెట్టు, చూద్దాం అన్నారు. ఎడమపక్క ఫోల్డర్ తెరిచాను. ఒక్కొక్కటే పెట్టాను. నిండు పొట్టతో, తేలిక తోకతో, తొందర లేకుండా అది వస్తోంది. ఇది నీళ్ళు తాగిన ఏడోది అని ప్రతి ఫొటోకీ నాకు నేను చెప్పుకున్నాను. ఇద్దరం చివరి ఫొటో దాకా చూశాం. ఒక్కదానిలో కూడా నాకు ఏడోది కనబడలేదు.